చూరులో గుడ్డు పెంకులు

ఈ వయసులో నేను జిమ్ముకి వెళుతున్నానంటే నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. సరదాపడి వెళ్ళడం లేదు. బాత్‌రూములో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పిన డాక్టరు ఎముకలు గుల్లబారాయని, మాత్రలు మింగితే చాలదని, రోజూ కాస్త బరువులు ఎత్తమని చెప్పాడు. జీవితమంతా బడిపిల్లలకి చెప్పడమే గానీ ఇంకొకరు చెబితే వినడం నాకు అలవాటు లేదు. కానీ రెండో చెయ్యి కూడా విరిగితే అన్నం కలిపి పెట్టేవాళ్ళెవరూ ఇంట్లో లేరు. అందుకని అమలాపురంలో మా వీధి చివర ఎరువుల కొట్టు మేడమీదున్న జిమ్ముకి పొద్దున్నే వెళ్ళి, ఆడవాళ్ళకి నేర్పే పిల్ల చెప్పినట్టల్లా చేస్తున్నాను.

మొన్నీమధ్య ఆ పిల్ల నా చేతికి కొంచెం పెద్ద డంబెల్ ఇవ్వబోయి ఆగింది.

"గుడ్లు తింటున్నారాండీ మేడమ్?"

"తినను."

"అదేంటండి? చర్చికెళ్ళేవారే కదండి?"

"చర్చికెళితే గుడ్డు తినాలని రూలుందా?"

నా నోటి సంగతి ఆ పిల్లకి అప్పటికే తెలుసు. నవ్వి ఊరుకుంది. "పోనీ ఉపవాసాలుంటున్నారాండి? శ్రమదినాలు కదండి ఇవి" అంది.

"ఉంటే ఏం?"

"ఉంటే ఈ నెల్లాళ్ళూ నేను బరువు పెంచనండి. బరువెత్తినప్పుడు కండ పెరగదండి మేడమ్, సన్నసన్నగా చిరుగుద్దండి. మనం తిని పడుకుంటే అది అతుక్కుని, పాతదానికంటే రవ్వంత గట్టిగా వస్తాదండి. తిండి లేకుండా ఎత్తుకుంటా పోయేమనుకోండి, ఒళ్ళు తన కండ తనే తినేస్తాదండి. పైకి మాత్రం నరాలు తేలి బానే కనపడతామండి. గట్టిపడ్డామనుకుంటామండి."

నేను ఆ డంబెల్ కింద పెట్టేశాను. "ఈ సంగతి నీకెవరు చెప్పారు?" అన్నాను.

"అందరికీ తెల్సిందేనండి. ఫోన్లో కూడా ఉంటాదండి" అంది ఆ పిల్ల.

అందరికీ తెలుసట. ఆ రోజు మెట్లు దిగి ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా వంటింట్లో పీట మీద కూర్చుండిపోయాను. మా అమ్మ మీదా, నాన్న మీదా, డ్రిల్లు మాస్టారి మీదా, అప్పటి మా పేట మొత్తం మీదా ఒక్కసారిగా కోపం వచ్చింది. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. లేనివాళ్ళ మీద కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆ రోజులు మళ్ళీ రావని బాధపడుతూ రాసేవాళ్ళని చూశాను. రాకపోతేనే మంచిది.

మాది రాజోలు దగ్గర, గోదావరి పాయ పక్కన ఒక ఊరు. ఊరికి దూరంగా, బోదె కాలవ అవతల మా పేట. నాన్న కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు. అన్నయ్య ఒలుపు పని చేసేవాడు. నేలలో పాతిన ఇనప గునపం మీద కాయని గుచ్చి, భుజం బలమంతా పెట్టి మెలితిప్పి డొక్క ఊడదీయాలి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అదే పని. ఆ ఊరి రైతుగారికి పెద్ద షెడ్డు ఉండేది. సగంలో కురిడీలు నిలవ చేసేవారు. కురిడీ అంటే ఏడాదిపాటు ఆరబెడితే లోపలి నీరంతా ఇంకిపోయి, ఊపితే గడగడలాడే కొబ్బరికాయ. మిగతా సగం వ్యాయామశాల. రైతుగారికి మీసం మీద ఎంత మమకారమో వ్యాయామశాల మీద అంత మమకారం.

ఆ షెడ్డు వాసన నాకిప్పటికీ ముక్కులోనే ఉంది. కురిడీల తియ్యటి మక్కు వాసన, కుర్రాళ్ళ ఒంటికి రాసుకున్న కొబ్బరినూనె, చెమట, వెనక బోదెలో నానేసిన పీచు కంపు. సామాను పెద్దగా ఉండేది కాదు. ఎత్తడానికి సంగిడి రాళ్ళు, తిప్పడానికి బరువైన కర్రలు, ఓ లారీ ఇరుసు. దానికి రెండు వైపులా నూనె డబ్బాల్లో సిమెంటు పోసి చేసిన బరువులు. తరవాత ఎవరో కాకినాడ నుంచి నిజమైన ఇనప పళ్ళేలు తెచ్చారు. మగవాళ్ళు లేని సమయం చూసి మేము పిల్లలం ఆ ఇరుసు మీద ఎక్కి ఊగేవాళ్ళం. కసరత్తుకొచ్చేవాళ్ళ కోసం నానబెట్టిన శనగల్లో చెయ్యి పెట్టి, గుప్పెడు లాక్కుని పరుగెత్తేవాళ్ళం. దొరికితే నా స్నేహితురాళ్ళని తిట్టి వదిలేవారు. నన్ను మాత్రం "ఎవరి పిల్లవే నువ్వు?" అని అడిగేవారు. తెలియక కాదు.

అన్నయ్య ఆ షెడ్డులోకి పనివాడుగానే వెళ్ళాడు. కాయలు రాశి పోయడానికి జాగా లేకపోతే, అడ్డంగా ఉన్న పెద్ద సంగిడి రాయిని ఎత్తి పక్కన పెట్టాడట. నోట్లో పుల్ల నములుతూనే ఎత్తాడట. అది డ్రిల్లు మాస్టారు చూశారు. బళ్ళో మాచేత కవాతు చేయించే మాస్టారే సాయంత్రం వ్యాయామశాల నడిపేవారు. ఆ రాయి ఎత్తడానికి రైతుల పిల్లలు అప్పటికి ఎన్నాళ్ళుగానో తంటాలు పడుతున్నారు.

"ఒరేయ్, రేపట్నించి సాయంత్రం రా" అన్నారట మాస్టారు.

అన్నయ్య వెళ్ళాడు. అందరితోపాటే దండీలు తీశాడు, బస్కీలు తీశాడు. మంచినీళ్ళకి మాత్రం చూరులో దోపిన తన సత్తు గ్లాసు వేరే ఉండేది. ఎవరూ దోపమనలేదు. అన్నయ్యే తీసుకెళ్ళి దోపుకున్నాడు.

మాస్టారి పద్ధతి ఒక్కటే. "ఈవేళ ఎత్తినదానికి రేపు రవ్వంత కలపాలి. ఎల్లుండి ఇంకో రవ్వ. ఒళ్ళు తనంతట తను అడగదురా, మనమే పెట్టాలి" అనేవారు. నిజంగానే అన్నయ్య ఎత్తే బరువు వారంవారం పెరిగిపోయేది. మొదట్లో అలా పెరిగేది కండ కాదట. ఉన్న కండనంతా ఒక్కసారి వాడుకోవడం ఒంటికి తెలిసివస్తుందట. ఇది కూడా ఆ జిమ్ము పిల్లే చెప్పింది. మాకప్పుడు ఇవేవీ తెలియవు. మావాడు భీముడైపోతున్నాడని మాత్రం తెలుసు. చొక్కా భుజాల దగ్గర చిరిగితే అమ్మ తిడుతూనే మురిసిపోతూ కుట్టేది.

"గుడ్లూ పాలూ బాగా పట్టించండర్రా" అని మాస్టారు అందరికీ కలిపి ఒకేసారి చెప్పేవారు. రైతుల పిల్లలకి ఇళ్ళ నుంచి ఇత్తడి చెంబులతో పాలొచ్చేవి. వాళ్ళు మధ్యాహ్నం భోంచేసి, అరుగు మీద నిద్రపోయి, లేచి మొహం కడుక్కుని వచ్చేవాళ్ళు. అన్నయ్య గునపం దగ్గర నుంచి లేచి వచ్చేవాడు. వాళ్ళెత్తిన బరువే అన్నయ్యా ఎత్తేవాడు, ఇంకా ఎక్కువే ఎత్తేవాడు. ఏం తిన్నావురా అని మాత్రం ఎవరూ అడగలేదు.

అలసిపోయి సాయంత్రం ఓసారి వెళ్ళనంటే నాన్న ఊరుకోలేదు. "మొయ్యగా మొయ్యగా ఒళ్ళు దానంతటదే వస్తాదిరా. ఓ పూట కూకోబెట్టేవా, తుప్పట్టిపోద్ది" అన్నాడు. నాన్నని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆయన ఒంటిని ఎవరూ ఓ పూట కూర్చోబెట్టలేదు. కూర్చోబెడితే ఏమవుతుందో చూసే అవకాశం ఆయనకి రాలేదు.

ఆ ఏడాది చలికాలం వెళ్ళిపోతుండగా మాస్టారు మా ఇంటికి వచ్చారు. పేటలోకి ఆయన రావడం అదే మొదటిసారి. అమ్మ కంగారుపడి నులకమంచం మీద దుప్పటి పరిచింది. ఆయన కూర్చోలేదు.

"ఏమయ్యా, నీ కొడుకుని జిల్లా పోటీలకి తీసుకెళ్తున్నా. ఫస్టొచ్చిందంటే ఆటల కోటాలో ఫ్యాక్టరీ ఉద్యోగం. గవర్నమెంటు ఉద్యోగం. నాకక్కడ తెలిసినవాళ్ళున్నారు, నేను మాట్లాడతా. ఫస్టు మాత్రం రావాలి" అన్నారు.

"ఆయ్, మీ దయండి బాబుగారూ" అన్నాడు నాన్న.

ఆ ముందటేడు వానల్లో నాన్న చెట్టు మీద నుంచి జారి, సగంలో పక్క చెట్టు మట్ట దొరికి బతికాడు. అప్పట్నుంచి ఆయన పొద్దున్నే బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దగ్గర నిలబడి పెదాలు కదుపుతూ ఉండేది. కొడుక్కి ఉద్యోగం వస్తే మొగుడు చెట్టు దిగుతాడు. ఆవిడకి కావలసింది అదొక్కటే. అన్నయ్యకీ అంతే. "నేను జీతం తెచ్చిన రోజు నాన్న మోకు తీసుకెళ్ళి గోదాట్లో పారేస్తా" అని నాతో అనేవాడు. మోకు అంటే చెట్టెక్కేటప్పుడు నడుముకి కట్టుకునే తాడు.

పోటీలు ఈస్టరుకి ముందు వారంలో పడ్డాయి. మాకు అంతకు ముందు నలభై రోజులూ శ్రమదినాలు. ఇంట్లో నీచు ఉండదు. చేపా, మాంసం, గుడ్డూ ఏవీ పొయ్యి ఎక్కవు. పెద్దవాళ్ళు ఒక పూట పస్తుంటారు. అమ్మ ఆ ఏడాది మొక్కుకుంది. తనూ కొడుకూ ఇద్దరూ నలభై రోజులూ పొద్దుగూకేదాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా ఉపవాసముంటామని, కొడుక్కి ఉద్యోగం ఇప్పించమని.

పాస్టరుగారి భార్యని అందరం అమ్మగారనేవాళ్ళం. ఆవిడ మా ఇంటికొచ్చి మరీ చెప్పింది. "పనిచేసే పిల్లలకి అంత కఠినం అక్కర్లేదమ్మా. నువ్వుండు, వాడినొదిలెయ్. దేవుడేం అనుకోడు" అంది.

"అలాగంటే ఎలాగండీ అమ్మగారూ? కావాల్సింది వాడికండి. వాడు తిని కూర్చుని, నేను మాడితే దేవుడు దేనికిస్తాడండి? సగం మొక్కు మొక్కి, ఉద్యోగం మొత్తం ఇమ్మని ఎలా అడుగుతామండి?" అంది అమ్మ.

అన్నయ్య పక్కనే కూర్చుని చేతికి గుచ్చుకున్న పీచు లాక్కుంటున్నాడు. సరేననలేదు, కాదనలేదు.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒలుపు. సాయంత్రం ఇరుసు. ఆ తరవాత ఇంటికొచ్చి, స్నానం చేసి, ప్రార్థన చేసుకుని, దీపాలు పెట్టే వేళకి గంజీ, గోంగూర పచ్చడీ. షెడ్డులో ఇచ్చిన శనగలు పొద్దుగూకకుండా తినకూడదు కాబట్టి లుంగీ మడతలో కట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. తెచ్చి నాకిచ్చేవాడు. నేను తినేదాన్ని. పిల్లలకి ఉపవాసం లేదు కదా.

రెండు వారాలు తిరిగేసరికి అన్నయ్య బుగ్గలు లోపలికి పోయాయి. చేతుల మీద నరాలు తాళ్ళలా తేలాయి. నాన్న ఆ చెయ్యి పట్టి చూసి, "ఇప్పుడు గట్టిపడ్డాదిరా. మొన్నటిదాకా ఉన్నదంతా నీరు" అన్నాడు. అమ్మకైతే కొడుకు మొహంలో ఏదో వెలుగు కనిపించింది, దేవుడు ఉపవాసం అంగీకరించాడని నలుగురికీ చెప్పుకుంది. మాస్టారు రైతుగారి కాటా మీద నిలబెట్టి చూసి ఇంకా సంతోషించారు. పోటీల్లో ఒంటి బరువుని బట్టి జట్లు ఉంటాయి. "కింది జట్టులోకి దిగేవురా. అక్కడ నీకు ఎదురెవడూ ఉండడు" అన్నారు. ఎవరికి కావలసింది వాళ్ళకి అన్నయ్య ఒంట్లో కనిపించింది. ఇరుసు మీది బరువు మాత్రం పెరగడం ఆగిపోయింది. తరవాత తగ్గింది. మాస్టారు దానికి కూడా మందు కనిపెట్టారు. పొద్దున పనికి ముందు కూడా వచ్చి ఎత్తమన్నారు.

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం దాటిన మర్నాడనుకుంటాను. అమ్మ గుడిలో స్త్రీల ప్రార్థనకి వెళ్ళింది. నాన్న ఇంకా రాలేదు. అన్నయ్య షెడ్డు నుంచి వచ్చి అరుగు మీద కూలబడి మంచినీళ్ళడిగాడు. గ్లాసు ఇస్తే చెయ్యి వణికి సగం నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా గ్లాసు పట్టుకుంటే నాకు భయమేసింది.

ఈస్టరు పండక్కని అమ్మ కోడిగుడ్లు తవుడు కుండలో దాచేది. అందులోంచి ఒకటి తీశాను. పొయ్యి మీద ఉడుకుతున్న గంజిలోనే వేసి ఉడకబెట్టాను. వలిచి ఆకులో పెట్టి ఇచ్చాను.

అన్నయ్య దాని వంకా, వీధి వంకా చూశాడు. "అమ్మ?" అన్నాడు.

"గుళ్ళో ఉంది. ఇప్పుడే రాదు."

ఉప్పు కూడా అడగలేదు. నోట్లో కుక్కుకున్నాడు. నమలడం కూడా సరిగ్గా నమల్లేదు. వేళ్ళు నాకి, నా వైపు చూసి, "ఇంకోటుందా బుల్లీ?" అన్నాడు.

ఇంకోటి తీస్తే అమ్మకి తెలిసిపోతుందని నేను ఆలోచిస్తుండగానే, "వద్దులే" అని లేచి బోదె వైపు వెళ్ళిపోయాడు. పెంకులు పొయ్యిలో వేస్తే వాసన వస్తుందని తాటాకు చూరులో లోపలికంటా దోపేశాను.

పోటీలకి నన్ను కూడా పంపారు. పంపింది అమ్మే. హోటల్లో మాస్టారు బలవంతపెట్టి ఏదైనా తినిపిస్తారేమో చూస్తూ ఉండమని నన్ను కాపలా పెట్టింది. పంటు మీద గోదావరి దాటి, అక్కడ బస్సెక్కి వెళ్ళాం. కాటా తూచడం అయిపోయాక మిగతా కుర్రాళ్ళంతా అరటిపళ్ళూ, గుడ్లూ మూటలు విప్పుకున్నారు. మాస్టారు అన్నయ్యని హోటల్‌కి తీసుకెళ్ళి ఇడ్లీ తెప్పించారు.

"మొక్కండి మాస్టారూ. పొద్దుగూకేదాకా ముట్టకూడదండి" అన్నాడు అన్నయ్య.

ఆయన ఓ నిమిషం ఆలోచించి, "పోనీలే, భక్తే బలం" అని ఆ ఇడ్లీ తనే తినేశారు. అన్నయ్య సోడా తాగాడు. నేను కాపలా కాస్తున్నందుకు నాకు బజ్జీ కొనిపెట్టారు. అన్నయ్య ఎదురుగా కూర్చుని నేను ఆ బజ్జీ తిన్నాను.

స్కూలు హాల్లో చెక్కబల్ల వేసి దాని మీద ఎత్తించారు. అన్నయ్య మొదట అడిగిన బరువు మా షెడ్డులో క్రిస్మస్ నాటికే ఆడుతూ పాడుతూ ఎత్తిన బరువు. బార్ గుండెల దాకా వచ్చింది. మోకాళ్ళు వణుకుతూ లేచి నిలబడ్డాడు. హాల్లో అందరూ అరుస్తున్నారు. నెత్తి మీదికి ఎత్తాడు. చేతులు నిటారుగా అయ్యాయి కూడా. అంతలో కుడి భుజంలో ఏదో తెగిన చప్పుడు, తడిగుడ్డ చింపినట్టు, ముందు వరసలో కూర్చున్న నాకు వినిపించింది. బార్ వెనక్కి పడింది. అన్నయ్య పడలేదు. నిలబడే ఉన్నాడు, ఒక చెయ్యి వేలాడేసుకుని.

కండ తొందరగా పెరుగుతుందట, దాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటిది మాత్రం నిదానంగా గట్టిపడుతుందట. విశ్రాంతి లేకపోతే తెగేది అదేనట. ఇవీ ఫోన్లో ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో మాస్టారు మాతో మాట్లాడలేదు. పంటు దిగాక, రేవులో ఎదురుచూస్తున్న నాన్నతో మాత్రం, "నీ కొడుక్కి ఒంట్లో బలం ఉందయ్యా, గుండెలో లేదు" అన్నారు. నాన్న "ఆయ్" అన్నాడు. ఆ "ఆయ్" గుర్తొస్తే నాకు నాన్న మీద కూడా ఒళ్ళు మండుతుంది.

కట్లు కట్టే ఆయన వచ్చి భుజం తడిమి చూసి, మినప్పిండిలో గుడ్డు సొన కలిపి పట్టు వెయ్యాలన్నాడు. అమ్మ తవుడు కుండ దించింది. పండక్కి దాచిన గుడ్లన్నీ తీసి, ఒక్కొక్కటే పగలగొట్టి, పిండిలో గిలక్కొట్టి అన్నయ్య భుజానికి మెత్తింది. నలభై రోజులు కడుపులోకి పోని గుడ్లు చివరికి చర్మం మీద ఎండి పెచ్చులు కట్టాయి. ఎవరికీ నవ్వు రాలేదు. ఇప్పుడు నాకొస్తోంది.

అమ్మకి ఒక గుడ్డు తక్కువొచ్చింది. ముంగిస పట్టుకుపోయిందేమో అనుకుంది. మూడోనాడు తల దువ్వుకుందామని చూరులో దువ్వెన కోసం చెయ్యి పెడితే పెంకులు తగిలాయి. అవి అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఎవరు తిన్నారే?"

"అన్నయ్యకి పెట్టేనమ్మా."

అన్నయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. అమ్మ వాడి వంక చూసింది. వాడు గోడ వైపుకి తిరిగాడు.

కొడితే బాగుండేది. కొట్టలేదు. ఆ పెంకులు కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారం స్త్రీల ప్రార్థనలో లేచి సాక్ష్యం చెప్పింది. నేను వెనక చాప మీద కూర్చుని ఉన్నాను. "నా కొడుకు ఓడిపోవాల్సినోడు కాదండి. దేవుడు మాట తప్పలేదండి. మొక్కు చెడింది నా ఇంట్లోనేనండి. నా కడుపున పుట్టిందే చెడగొట్టింది" అంటూ కొంగుముడి విప్పి చూపించింది. ఆడవాళ్ళంతా నా వైపు తిరిగారు. అమ్మగారు మాత్రం దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. "పసిపిల్లమ్మా ఇది. దేవుడు కోడిగుడ్డుకి అలిగేవాడు కాదు" అంది. అమ్మ వినలేదు. వింటే ఆవిడకి ఇంక పట్టుకోవడానికి ఏముంది?

అన్నయ్య చెయ్యి భుజం పైకి మళ్ళీ లేవలేదు. ఒలుపు పని పోయింది. నాన్న ఇంకా చాలా ఏళ్ళు చెట్లెక్కాడు. అన్నయ్య కొన్నాళ్ళు తిరిగి, కొన్నాళ్ళు తాగి, చివరికి ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల మీద కాపలాకి కుదిరాడు. వ్యాయామశాల ఎప్పుడు మూసేశారో కూడా తెలియదు. ఇప్పుడక్కడ కల్యాణమండపం ఉంది.

నేను చదువుకున్నాను. ట్రైనింగు చేశాను, టీచరునయ్యాను. ఆర్డరు తీసుకుని ఇంటికొచ్చిన రోజు అమ్మ దాన్ని తిప్పితిప్పి చూసింది. "వాడి ఉద్యోగం తినేసి నువ్వు ఉద్యోగస్తురాలివయ్యేవు" అంది. గట్టిగా కూడా అనలేదు. నేనూ అదే నమ్మాను. బైబిలు చదివాను, సైన్సు పాఠం చెప్పాను. మాంసకృత్తులు కండరాలను నిర్మించును అని నల్లబల్ల మీద ఏటేటా నా చేత్తోనే రాశాను. రాసి, చెయ్యి దులుపుకుని, ఇంటికొచ్చి, ఒక్క గుడ్డుతో అన్న బతుకు పాడుచేసిన మనిషినని నమ్ముతూనే ఉన్నాను. చిన్నప్పుడు ఇంట్లో పెట్టిన భయం బళ్ళో చదువుకి లొంగదు. నాకు లొంగలేదు.

జిమ్ము పిల్ల చెప్పిన మాట విన్న నాలుగో రోజు బస్సెక్కి అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. పొద్దున పదిగంటల ఎండ. చెరువు గట్టు మీద రేకుల పాకలో కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. ఎడమ చేత్తో సూది, కుడి చెయ్యి ఒళ్ళో.

"ఏమ్మా బుల్లీ, ఇంతెండలో వచ్చేవేంటి? ఫోన్ చేస్తే నేనే వద్దును కదా" అన్నాడు.

కూర్చున్నాను. ఆ పిల్ల చెప్పిందంతా చెప్పాను. కండ చిరగడం, తింటే అతుక్కోవడం, తినకపోతే ఒళ్ళు ఒంటినే తినడం. మొక్కు చెడి కాదు, గుడ్డు తిని కాదు, తినకే నీ చెయ్యి పోయిందిరా అని చెప్పాను. అరవై దాటిన మనిషిని, పరీక్ష పాసై ఇంటికొచ్చిన పిల్లలా చెప్పాను. వాడు ఆశ్చర్యపోతాడని, ఏడుస్తాడని, నా చెయ్యి పట్టుకుంటాడని అనుకున్నాను.

అన్నయ్య వల పక్కన పెట్టాడు.

"తెల్సమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నాకు తెలీకపోడమేంటి బుల్లీ? ఆకలేసింది నాకే కదా."

చెరువులో నీళ్ళు చిమ్మే మోటార్లు మోగుతున్నాయి. నేను సరిగ్గా విన్నానో లేదో అని మళ్ళీ అడిగాను. "అప్పుడే తెలుసా?"

"బార్ పట్టుకున్నప్పుడే తెల్సు. ఒంట్లో ఏం లేదు. పొద్దున్నే లేస్తే కళ్ళు తిరిగేవి. మొక్కు ఒద్దని అమ్మతో అందామని రోజూ అనుకునేవోణ్ణి. అనలేకపోయేను."

"తరవాత? అమ్మ నన్ను నలుగురిలో నిలబెట్టినప్పుడు?"

"ఏమని చెప్పమంటావ్? నీ ఉపాసాల వల్లే నా చెయ్యి పోయిందమ్మా అని చెప్పమంటావా? బతికేదా ఆవిడ?" అన్నాడు. వల మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, "నువ్వు చిన్నపిల్లవి. మర్చిపోతావనుకున్నా" అన్నాడు.

భోంచేసి వెళ్ళమన్నాడు. వద్దన్నాను. గట్టు దిగి రోడ్డు మీదికొచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. వాడు అమ్మని కాపాడుకున్నాడు. అది నాకు అర్థం కాకపోలేదు. అర్థమైనంత మాత్రాన కోపం పోవాలని లేదు. బస్సు దొరికేదాకా రోడ్డు పక్కన నిలబడి అమ్మ పోయిన రోజే తలుచుకున్నాను.

ఆఖరి రోజుల్లో అమ్మ మాట తడబడేది. ఆ సాయంత్రం మాత్రం తెలివిలోకొచ్చి, నన్ను దగ్గరికి పిలిచి, నా చెయ్యి పట్టుకుంది. "ఆ గుడ్డు సంగతి, నిన్ను క్షమించేనమ్మా" అంది. నేను ఆవిడ పాదాల మీద తలపెట్టి, ఇన్నేళ్ళకి దొరికింది కదా అని, సంతోషంతో ఏడ్చాను. మంచానికి అవతలి పక్క అన్నయ్య నిలబడి ఉన్నాడు. నన్ను చూస్తూనే ఉన్నాడు.